2024-25 వార్షిక నివేదిక: సిటీ పోలీస్ జట్టులో ఎవరు గొప్ప?

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన ఫుట్‌బాల్ సంఘం చేసిన పనిలో సగం వాదించుకోవడమే. కాబట్టి మిగతా సగం ముందే చెప్పేస్తాను. పిల్లల వేసవి శిక్షణ బాగా జరిగింది. వానాకాలం టోర్నమెంటు జరగలేదు. గ్రౌండ్ పర్మిషన్ కోసం తిరిగిన చోట "రేపు రండి" అన్న మాట తప్ప ఇంకోటి వినపడలేదు. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

ఇక అసలు సంగతి. 2024 ఏప్రిల్‌లో ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాబ్ జీవితం మీద హిందీ సినిమా వచ్చింది కదా. అది చూసొచ్చిన మన కుర్రాళ్లు "ఇంత కథ మన ఊళ్లోనే జరిగిందా" అని ఆశ్చర్యపోయారు. "ఇన్నేళ్లుగా చెబుతుంటే మీరెప్పుడైనా విన్నారా" అని పెద్దవాళ్లు దెప్పారు. ఆ దెప్పుళ్లలోంచే నెలకో ఆదివారం చర్చ పుట్టింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆడినవాళ్లలో అందరికంటే గొప్పవాడెవరు?

కొత్త సభ్యుల కోసం నాలుగు ముక్కలు. ఈ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంటు గెలిచింది. ఇంకో పెద్ద టోర్నమెంటు డ్యూరాండ్ కప్‌ను 1950లో మోహన్ బగాన్ మీద, 1954లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మీద, 1957లో ఈస్ట్ బెంగాల్ మీద గెలిచింది. 1961లో ఆంధ్రా పోలీస్ పేరుతో మళ్లీ బగాన్‌నే ఓడించింది. కలకత్తా క్లబ్బులు మనవాళ్ల పేరు చెబితే టెన్షన్ పడిన రోజులవి. అది కూడా పోలీసు ఉద్యోగం చేసుకుంటూ ఆడిన మనుషులతో!

మొదటి ఆదివారం మొత్తం రూల్స్‌తోనే గడిచిపోయింది. రహీమ్ సాబ్ పేరు పెట్టాలని కొందరు పట్టుబట్టారు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా జట్టు ఆయన చేతుల్లోనే ఉంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకాలు తెచ్చిన కోచ్ కూడా ఆయనే. కానీ మన ప్రశ్న ఆటగాడి గురించి. ఆయన్ను పోటీలోకి దించితే చర్చ అక్కడితో సరి, అందుకే పక్కన పెట్టాం. గోల్‌కీపర్ తంగరాజ్ ఇక్కడివాడే అయినా మద్రాస్ రెజిమెంట్‌కు ఆడాడు, కనుక ఆయన పేరూ తీసేశాం. మన హైదరాబాదీ ఫార్వర్డ్ హబీబ్ పోలీసు జట్టు వాడు కాదు. అయినా 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున ఆయన కొట్టిన గోల్ గురించి మాట్లాడకుండా హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ మీటింగ్ ముగించడం ఎవరి తరమూ కాదు. పది నిమిషాలు ఇచ్చాం, అరగంట తీసుకున్నారు.

అసలు గొడవ బలరామ్ దగ్గర మొదలైంది. అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టి, రహీమ్ సాబ్ కంట్లో పడి, ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులోకి వెళ్లిన మనిషి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. వీటి మీద ఎవరికీ పేచీ లేదు. అయితే పోలీసు జట్టులో ఉన్నది కొద్దికాలమే, పేరంతా ఈస్ట్ బెంగాల్‌లో వచ్చింది. "పుట్టింటి పిల్ల అత్తారింట్లో పేరు తెచ్చుకుంటే మన పిల్ల కాకుండా పోతుందా?" అని ఒక పెద్దాయన అడిగారు. "మన పిల్లే, కాదన్నదెవరు? కానీ ఆ కప్పులు అత్తారింటి అల్మారాలో ఉన్నాయి" అని వెనక బెంచీ నుంచి జవాబు. ఈ ఒక్క మాట మీదే రెండు ఆదివారాలు నడిచాయి.

యూసుఫ్ ఖాన్ వైపు కుర్రాళ్లు ఎక్కువ మంది నిలబడ్డారు. రోమ్‌కు వెళ్లాడు, జకార్తా ఫైనల్ ఆడాడు, 1966లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడేవాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, కలకత్తా దారి పట్టకుండా ఇక్కడే ఉండిపోయాడు. వెళ్లినవాళ్లను దేశం గుర్తుపెట్టుకుంది, ఉండిపోయినవాళ్లను మన ఊరే మర్చిపోయింది అని ఒక ఇంజినీరింగ్ కుర్రాడు అన్నప్పుడు పెద్దవాళ్ల దగ్గర జవాబు లేదు.

పెద్దల ఓటు నూర్ మహమ్మద్‌కు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలు, 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మూడింటిలోనూ ఉన్న హాఫ్ బ్యాక్, అంటే డిఫెండర్లకూ ఫార్వర్డ్‌లకూ మధ్య ఆడేవాడు. ఆయనతో పాటు ఫుల్ బ్యాక్ అజీజుద్దీన్ పేరూ వచ్చింది కానీ, డిఫెండర్లకు ఎక్కడైనా ఓట్లు తక్కువే. నూర్ ఆటను కళ్లారా చూసినవాళ్లు మనలో ఎవరూ లేరు. అందరిదీ "మా నాన్న చెప్పాడు" అనే సాక్ష్యమే.

చివరి ఆదివారం చీటీలు వేశాం. యూసుఫ్ ఖాన్ రెండు ఓట్ల తేడాతో గెలిచారు, నూర్ రెండో స్థానం, బలరామ్ మూడో స్థానం. కార్యదర్శిగా ఫలితం ప్రకటించాను, మెంబరుగా ఒప్పుకోను. క్లబ్‌లో గొప్పవాడు అన్నప్పుడు ఆ క్లబ్ గొప్పగా ఉన్న రోజుల్లోంచే ఎంచాలి. వరసగా 5 రోవర్స్ కప్పులు గెలిచిన కాలం నూర్ తరానిది. ఆ రోజుల్లో ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లు ఆడేవారు. అవతలివాళ్ల దాడిని ఆపాలన్నా, వీళ్లకు బంతి అందించాలన్నా హాఫ్ లైన్ మీదే భారం. ఇంటిని మోసిన దూలం ఫోటోలో కనపడదు, అంతే తేడా. ఈ అభిప్రాయం మినిట్స్‌లో రాయకూడదని అధ్యక్షులు వారు అన్నారు, అందుకే నివేదికలో రాస్తున్నాను.

ఈ చర్చ వల్ల ఒక మంచి పని జరిగింది. కుర్రాళ్లు పాస్ ఇవ్వడం నేర్చుకోవాలని రహీమ్ సాబ్ అప్పట్లో డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టేవారు. అదే పద్ధతిలో మన పిల్లలకు ఒక పూట మ్యాచ్ పెట్టాం. బంతిని ఒక్క తాకుతో వదిలేయాలి, రెండోసారి తాకితే ఫౌల్. మొదటి పావుగంట ఈలలు తప్ప ఆట లేదు. మామూలుగా నలుగురిని దాటుకుని వెళ్లే కుర్రాడు ఒకడు వరసగా ఫౌల్‌లు ఇచ్చి, "సార్, బంతి నా కాలికి అతుక్కుపోతోంది, నేనేం చేయను" అని ఏడుపు మొహం పెట్టాడు. రెండో సగానికి వచ్చేసరికి బంతి రాకముందే తలెత్తి ఎవరికివ్వాలో చూసుకుంటున్నాడు. బెంచీ మీద ఉన్న పెద్దవాళ్లు వాదన ఆపేసి ఆట చూశారు. ఏడాది మొత్తంలో అలా జరగడం అదొక్కసారే.

ఒక సభ్యుడు ఇంట్లోంచి పాత టీమ్ ఫోటో తెచ్చారు. వెనక పెన్సిల్‌తో ఉర్దూలో పేర్లు, సగం చెరిగిపోయాయి. ఎడమ నుంచి మూడో మనిషి నూర్ అని ఇద్దరు, అజీజుద్దీన్ అని ముగ్గురు. ఉర్దూ చదవగలిగిన మన ఉపాధ్యక్షులు భూతద్దం పెట్టి చూసి, అక్కడ కనపడుతున్నది "మహమ్మద్" ఒక్కటే అన్నారు. సగం జట్టు పేరు అదే! ఫోటోను స్కాన్ చేయించి ఆఫీసు గదిలో పెట్టాం.

వచ్చే ఏడాదికి రెండు విన్నపాలు. ఇళ్లలో పాత ఫోటోలు, పేపర్ కటింగులు, మెడళ్లు ఉన్నవాళ్లు తీసుకురండి. కాపీ తీసుకుని అసలువి అదే రోజు తిరిగి ఇచ్చేస్తాం. చందా బాకీ ఉన్నవారు ఈ నెలాఖరులోగా కట్టండి. చర్చల ఆదివారాల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ల బిల్లు మన అంచనా దాటిపోయింది. గట్టిగా వాదించినవాళ్లలో చందా కట్టనివాళ్లే ఎక్కువని కోశాధికారి గారు గుర్తు చేయమన్నారు.

ఇట్లు,
కార్యదర్శి