నాలుగు 114లు

నాన్నకి,

ఇక్కడ అంతా క్షేమం. వారానికి రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఉత్తరం ఏమిట్రా అనుకుంటారేమో. ఫోన్లో వాదన పెట్టుకుంటే ప్రతిసారీ మీరే గెలుస్తున్నారు. నేను రెండో మాట మొదలుపెట్టేలోపే "ఆ మ్యాచ్ ఓడిపోయాంగా" అనేసి ఫోన్ అమ్మ చేతికిచ్చేస్తారు. కాగితం మీదైతే మధ్యలో అడ్డం పడలేరు.

ఇరవై రెండు నిండని కుర్రాళ్లు ఆడిన టెస్టు ఇన్నింగ్స్‌ల్లో ఏది గొప్పదన్నది కదా మన గొడవ. ఆ వయసు గీత మీరే గీశారు. దాంతో లారా సిడ్నీలో కొట్టిన 277 ఎగిరిపోయింది, అప్పటికి అతనికి ఇరవై మూడు. హనీఫ్ మహమ్మద్ బ్రిడ్జిటౌన్‌లో 970 నిమిషాలు నిలబడి చేసిన 337 కూడా అంతే. సరే, గీత గీతే.

పరుగులే లెక్క అయితే ఇక మాట్లాడుకునేదేం లేదు. 1958లో కింగ్‌స్టన్‌లో వెస్టిండీస్ సోబర్స్ 365 నాటౌట్, వయసు ఇరవై ఒకటి. అదే అతని మొదటి టెస్టు సెంచరీ కూడా. కానీ నాన్నా, ఆ రోజు పాకిస్తాన్ బౌలింగ్ సంగతి తెలుసా? మహమూద్ హుస్సేన్ ఐదు బంతులు వేసి కండరం పట్టేసి వెళ్లిపోయాడు. నసీముల్ ఘనీకి బొటనవేలు విరిగింది. కెప్టెన్ కార్దార్ విరిగిన వేలితోనే బంతి వేశాడు. పాపం ఖాన్ మహమ్మద్ 54 ఓవర్లు వేసి 259 పరుగులిచ్చాడు, ఒక్క వికెట్టూ దొరకలేదు. సోబర్స్ గొప్పవాడు కాదని ఎవరంటారు? ఆ ఇన్నింగ్స్‌ని మాత్రం నేను పైన పెట్టను. బ్రాడ్‌మన్ 1930లో లీడ్స్‌లో ఒక్క రోజులో 309 కొట్టాడు. లంచ్‌లోపు ఒక వంద, టీలోపు ఇంకో వంద. అతన్ని మన కుర్రాళ్ల లెక్కలో కలపడం అన్యాయం. ఎవరికి అన్యాయమో మీకు తెలుసు.

ఇక మీ రూలుకొస్తాను: ఓడిన మ్యాచ్‌లో సెంచరీ లెక్కలోకి రాదు. మొన్న పాత స్కోరుకార్డులు తిరగేస్తుంటే ఒక విచిత్రం కనిపించింది. ఈ వయసు కుర్రాళ్లు ఆడిన నాలుగు గొప్ప ఇన్నింగ్స్‌లు. నాలుగూ 114. నాలుగు మ్యాచ్‌లూ ఓటమే!

ఒకటి అష్రఫుల్‌ది. 2001, కొలంబో. మొదటి టెస్టు, పదిహేడేళ్లు. బంగ్లాదేశ్ మొదటి ఇన్నింగ్స్‌లో 90కే కుప్పకూలింది. లంక వాళ్లకి కొట్టీ కొట్టీ విసుగు పుట్టి, అటపట్టు 201 దగ్గరా జయవర్ధనే 150 దగ్గరా బ్యాట్ చంకన పెట్టుకుని వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు. అలాంటి మ్యాచ్‌లో మురళీధరన్ ఎదురుగా ఈ పిల్లాడు అడుగు ముందుకేసి ఆడాడు. టెస్టుల్లో సెంచరీ చేసిన అతి చిన్నవాడిగా ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే.

ఇంకోటి పంత్‌ది. 2018, ఓవల్, ఇరవై ఏళ్లు. దీన్ని తమ్ముడు అందరికంటే పైన పెడతాడు, నాకు తెలుసు. ఆదిల్ రషీద్‌ని సిక్స్ కొట్టి సెంచరీ అందుకోవడం చూస్తే ఎవరికైనా మతిపోతుంది. కానీ రెండో వైపు రాహుల్ 149 కొట్టాడు. ఇద్దరూ కలిసి 204 జోడించారు. పంత్ ఒంటరివాడు కాదు. నా లెక్కలో అదొక్కటే తక్కువ.

మూడోది సచిన్‌ది. ఆస్ట్రేలియాలో పెర్త్, 1992. ఇది మీ నోటి నుంచి విన్న ఇన్నింగ్సే. నేను చూసింది తర్వాతెప్పుడో, ముక్కలు ముక్కలుగా. ఇక్కడికొచ్చాక అర్థమైందేమిటంటే, పెర్త్‌లో బంతి మన దగ్గరలాగా మోకాలి ఎత్తులో రాదు. మామూలు లెంగ్త్‌లో పడింది కూడా పక్కటెముకల దాకా లేస్తుంది. ఆస్ట్రేలియా పేసర్లు మెక్‌డెర్మాట్, హ్యూస్, విట్నీ, రైఫెల్. వాళ్లెదురుగా పద్దెనిమిదేళ్ల పొట్టి కుర్రాడు. వెనక్కి జరిగి మునివేళ్ల మీద లేస్తాడు, బంతి ఎంత ఎత్తుకి వచ్చిందో చేతులూ అంత ఎత్తుకి వెళతాయి, తర్వాత మణికట్టు కిందికి తిప్పి పాయింట్ పక్కనుంచి నేల మీదే పంపిస్తాడు. గాల్లోకి లేవదు! "దించడం చూడరా, కొట్టడం కాదు" అనేవారు మీరు. అవతల వాళ్లు వస్తున్నారు, పోతున్నారు. చివర్లో కిరణ్ మోరే నిలబడితే తొమ్మిదో వికెట్‌కి 81 వచ్చాయి. ఇండియా మొత్తం 272లో 114 ఒక్కడివే. మ్యాచ్ మాత్రం 300 పరుగుల తేడాతో పోయింది. ఇన్నేళ్లు ఈ ఇన్నింగ్స్ గురించి నాకు చెప్పింది మీరే, ఇప్పుడు ఓడిన మ్యాచ్ అని కొట్టేసేదీ మీరే. ఇదేం న్యాయం?

నాలుగోది నేను కళ్లారా చూశాను. 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్. 83 వేల మందిలో నేనొకణ్ని. పంత్ అవుటయ్యేసరికి 191కి ఆరు. జడేజా కూడా పోయాక 221కి ఏడు, ఫాలో ఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడం) తప్పాలంటే ఇంకా 54 కావాలి. అక్కణ్నుంచి నితీష్ కుమార్ రెడ్డి, వాషింగ్టన్ సుందర్ 127 కలిపారు. సుందర్ వెళ్లినప్పుడు నితీష్ 97 మీద ఉన్నాడు. రెండు పరుగులు తీసి 99. ఆ తర్వాత కమిన్స్ ఓవర్లో బుమ్రా మూడో బంతికే అవుట్. సిరాజ్ వచ్చాడు. ఇంకా మూడు బంతులు మిగిలున్నాయి.

నా పక్కన ఓ ఆస్ట్రేలియా పెద్దాయన కూర్చున్నారు. పొద్దుటి నుంచీ కమిన్స్‌కి చప్పట్లు కొట్టిన మనిషి, సిరాజ్ ఆడుతుంటే ఏమనుకున్నారో ఏమో, చేత్తో నా మోచేయి పట్టుకున్నారు. ఒకటి. రెండు. మూడో బంతిని సిరాజ్ ఆపగానే లేచిన అరుపుకి, సెంచరీ అయిపోయిందా అని స్టేడియం బయటివాళ్లు అనుకుని ఉంటారు. తర్వాత బోలాండ్ బంతిని నితీష్ మిడాన్ మీదుగా లేపి ఫోర్ కొట్టాడు. పెద్ద స్క్రీన్ మీద వాళ్ల నాన్న ముత్యాల రెడ్డి గారు ఏడుస్తూ కనిపించారు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదిలేసిన మనిషి. పెద్దాయన నా వైపు తిరిగి "మీ బంధువా?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక తల ఊపాను. అబద్ధమే అనుకోండి.

అయినా నితీష్‌ని మొదటి స్థానంలో పెట్టమని అడగను. అదే పిచ్ మీద స్మిత్ 140 కొట్టాడు, జైస్వాల్ 82 కొట్టాడు. పెర్త్‌తో పోల్చదగ్గ పిచ్ కాదది. తెలుగువాడని మార్కులు కలిపితే మీరే ముందు ఎగతాళి చేస్తారు.

మీరు పైన పెట్టే మాంచెస్టర్ ఇన్నింగ్స్‌కి కూడా న్యాయం చేస్తాను. 1990, సచిన్‌కి పదిహేడు. 408 లక్ష్యం, 183కి ఆరు వికెట్లు. ఇంకెవరైనా అయితే సాయంత్రానికి ముందే సర్దుకునేవారు. ప్రభాకర్ తోడుగా 160 జోడించి, 119 నాటౌట్‌తో మ్యాచ్ డ్రా చేశాడు. ఓడలేదు కాబట్టి మీ రూలు దాటింది. కానీ గెలవనూ లేదుగా? నిజంగా గెలిపించిందే కావాలంటే 2016లో పల్లెకెలె చూడండి. కుశాల్ మెండిస్, ఇరవై ఒకటి. లంక మొదట 117కే అవుటై 86 పరుగులు వెనకబడింది. రెండో ఇన్నింగ్స్‌లో వాళ్లు చేసిన 353లో దాదాపు సగం, 176, అతనివే. ఆస్ట్రేలియా ఓడింది. మీ రూలు ప్రకారం మొదటి స్థానం ఇతనికే ఇవ్వాలి. ఇస్తారా? ఇవ్వరు. సచిన్ కాదు కదా!

నా వరస ఇదీ: పెర్త్, మెండిస్, మాంచెస్టర్, తర్వాత నితీష్, అష్రఫుల్, పంత్. బ్రిస్బేన్ గబ్బాలో గిల్ కొట్టిన 91 సంగతి తేల్చుకోలేకపోయాను. ఇరవై ఒక్కేళ్లకి, గెలిచిన మ్యాచ్‌లో, 328 ఛేదిస్తూ. సెంచరీ కాలేదని వదిలేయడం కూడా మీ రూలంత మొండితనమే అనిపిస్తోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి.

రాసే పంపండి. ఫోన్ చేయకండి.

మీ
పెద్దోడు