2024–25 వార్షిక నివేదిక: కార్యదర్శి సమర్పణ

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేపట్టిన ప్రధానమైన పని ఒక్కటే. చిన్న గ్రంథాలయాలు పుస్తకాల పద్దు రాసుకునేందుకు ఉచితంగా ఇవ్వదలచిన సాఫ్ట్‌వేర్‌ అది. రాస్తున్నవారిలో కొందరు హైదరాబాదులో, కొందరు విశాఖపట్నంలో, మరికొందరు డల్లాస్‌లో ఉన్నారు. కోడ్ రాయడం కన్నా ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరడానికే ఎక్కువ కాలం పట్టింది కనుక ఈ నివేదికలో ఆ సంగతే ముందుగా చెబుతున్నాను.

మనం "చూస్తాను" అంటే చాలాసార్లు "నావల్ల కాదు" అనే అర్థం. ఎదురుగా ఉంటే ముఖం చూసి గ్రహిస్తాం. ఫోనులో ఆ మాట విన్న డల్లాస్ సభ్యులు పని జరుగుతోందనుకుని రెండు వారాలు ఎదురుచూశారు. మాట తప్పారని వారు, తొందరపెడుతున్నారని వీరు నొచ్చుకున్నారు. అప్పటినుంచి "ఫలానా తేదీకి ఇస్తాను" లేదా "చేయలేను" అని రాసి పంపుతున్నాం. "చేయలేను" అని రాసినవారిని ఎవరూ తప్పుపట్టలేదు. ఈ ఏడాది మనం సాధించినదాంట్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే.

మార్చి 9న అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిగాయి. డల్లాస్ సభ్యులు ఎప్పటిలాగే ఉదయం ఎనిమిదిన్నరకు సమావేశానికి కూర్చున్నారు. ఇక్కడ అప్పటికి సాయంత్రం ఏడే. మనం ఎనిమిదికి వచ్చేసరికి వారు వెళ్ళిపోయారు. తప్పు ఎవరిదీ కాదని తేలడానికి ఒక్క ఫోను చాలింది. ఆ ఫోను చేయడానికి మాత్రం వారం పట్టింది. ఇప్పుడు సమావేశ సమయాన్ని రెండు చోట్ల గడియారాల ప్రకారం రాసి పంపుతున్నాం.

ఏప్రిల్ సమావేశంలో, ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఉదంతాన్ని చర్చించాం. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్ళకు పైగా మంచి పని చేసి, నిర్వహణ బాధ్యత సంపాదించి, ఆ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టారు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన యాండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్విచూసి, 2024 మార్చి 29న లోకానికి చెప్పారు. ఇది విన్నాక కొందరు సభ్యులు పనిచేసేవారి మీద నిఘా సాఫ్ట్‌వేర్‌ పెడదామన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. తెర మీద మనిషి కదలికలు చూసినంతమాత్రాన కోడ్‌లో ఏముందో తెలియదు. దానికి బదులు ఎవరు రాసినదైనా మరొకరు చదివాకే చేర్చాలని తీర్మానించాం. పెద్దవారి కోడ్‌లో తప్పు చూపడానికి కొత్త సభ్యులు మొదట జంకారు. నేను రాసిన గడువు తేదీల లెక్కలో లీపు సంవత్సరాన్ని మరిచిపోతే, విశాఖలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఆ తప్పును పట్టుకుంది. ఆ అమ్మాయికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

పుస్తకాల నమోదు భాగం పూర్తయింది. అరువు, గడువు భాగాలు పరీక్షలో ఉన్నాయి. జమాఖర్చుల పట్టిక జతచేశాం.

సంక్రాంతికి డల్లాస్ సభ్యులు కొందరు ఊరికి వస్తున్నారు. ఇన్నాళ్ళూ గొంతు మాత్రమే తెలిసినవారంతా ఒక పూట కలిసి భోజనం చేయాలని కార్యవర్గం కోరిక. వచ్చే తేదీలను దసరాలోగా తెలియజేయగలరు.

కార్యదర్శి