వేరు మిగలకూడదమ్మా

విశాఖపట్నం, మల్కాపురం

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. అందుకే రాస్తున్నాను. నా పురీషనాళంలో ఉన్నది 7 మిల్లీమీటర్ల గడ్డ. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అంటారు, పాత పేరు కార్సినాయిడ్. క్యాన్సర్ జాతిదే. కానీ 10 మిల్లీమీటర్ల లోపున్నప్పుడు వేరే చోటికి పాకడం అరుదు. ముక్క తీసి చూస్తే గ్రేడ్ 1 అని వచ్చింది, అంటే నెమ్మదిగా పెరిగే రకం. కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కీ-67 లెక్క 3 శాతం లోపే.

మొదట చూపించిన చోట "పాలిప్ (పేగు లోపలి పొర మీద మొలిచే బుడిపె) లాంటిదే, తీగ ఉచ్చు వేసి లాగేద్దాం" అన్నారు. నేను సరేననబోయాను. మీ అమ్మ ఒప్పుకోలేదు, ఇంకొకరికి చూపించాల్సిందే అంది. ఆ పట్టుదలే నన్ను కాపాడిందమ్మా.

రెండో డాక్టరమ్మ తెర మీద చూపించారు. పసుపుపచ్చగా, నున్నగా, దుప్పటి కింద శనగబద్ద పెట్టినట్టుంది. గడ్డ పైపొర కిందికి దిగి ఉంటుంది కాబట్టి మామూలు ఉచ్చుతో పైనుంచి కోస్తే అడుగు మిగిలిపోవచ్చట. షిప్‌యార్డులో 30 ఏళ్లు వెల్డింగ్ చేసినవాణ్ణి, ఆ మాట వెంటనే తలకెక్కింది. ప్లేటు పగిలితే పైన వెల్డు పోసి మూసేస్తామా? వేరు దాకా గ్రైండింగ్ చేస్తాం. ఎర్ర డై పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టి చూస్తాం. వెంట్రుకంత ఎర్రగీత కనబడినా మళ్లీ గ్రైండింగే.

అడుగుతో సహా తీసే దారులు రెండు చెప్పారు. ఒకటి ఈఎస్‌డీ, జపాన్‌వాళ్లు పెంచి పోషించిన పద్ధతి. గడ్డ కింద ద్రవం ఎక్కించి పొరను పైకి లేపుతారు. సన్నని కరెంటు కత్తితో చుట్టూ కోసి, అడుగునుంచి ఒలుచుకుంటూ వస్తారు. ఒకే ముక్కగా వస్తుంది. కానీ చాలాసేపు పడుతుంది, బాగా చెయ్యి తిరిగినవాళ్లే చెయ్యాలి, పేగుకి చిల్లు పడే భయమూ ఉంది. రెండోది బ్యాండు పద్ధతి. లోపలికి పంపే కెమెరా గొట్టం చివర ఉన్న టోపీలోకి గడ్డను పీల్చి, దాని మొదలు చుట్టూ రబ్బరు బ్యాండు జారుస్తారు. అక్కడ మెడలా సన్నబడుతుంది. బ్యాండుకి కిందుగా ఉచ్చు బిగించి కోస్తారు. నా అంత చిన్న గడ్డలకి ఇది ఈఎస్‌డీకి దాదాపు సమానంగా శుభ్రంగా తీస్తుంది, చాలా త్వరగా అయిపోతుంది. అదే చేయించుకుంటానన్నాను. పెద్ద గడ్డయితే టోపీలో పట్టదు, 20 మిల్లీమీటర్లు దాటితే మామూలుగా ఆపరేషనే. నాకు లోపలి అల్ట్రాసౌండ్ కూడా చేశారు. కండరం పొరను తాకలేదు, పక్కన గ్రంథులు బాగున్నాయి.

తీసిన ముక్క అంచుకి ల్యాబులో సిరా పూస్తారట. గడ్డ కణాలు ఆ సిరాను తాకుతూ కనిపిస్తే అడుగు మిగిలినట్టే. మన డై టెస్టు లాంటిదే కదమ్మా! అది విన్న రాత్రే నాకు నిద్రపట్టింది.

గురువారం పొద్దున్నే చేస్తారు. పరీక్షలు వదిలేసి రాకు, అమ్మా చిన్నాన్నా తోడుంటారు. రిపోర్టు వచ్చేసరికి నీ పరీక్షలూ అయిపోతాయి, అప్పుడు రా. దాన్ని నువ్వే చదివి వినిపించాలి. ముందు మార్జిన్, అంటే ఆ సిరా పూసిన అంచు, దగ్గర ఏం రాశారో చూడు.

మీ నాన్న