మస్టాంగ్‌ను పక్క నుంచి చూపించండి

సంపాదకుల వారికి,

మీ పత్రికలో వాహనాల పేజీ వచ్చిన రోజు మా షెడ్డులో సుత్తి మోత కాసేపు ఆగుతుంది. కుర్రాళ్ళు ముందు ఆ పేజీనే లాక్కుంటారు. ఈసారి కొత్త ఫోర్డ్ మస్టాంగ్ గురించి రాశారు. ఇంజిను, హార్స్‌పవర్, ధర అన్నీ చెప్పారు. ఫొటో మాత్రం ఒక్కటే, అదీ ముందు నుంచి తీసింది. ఆ బండి రూపం గురించి ఒక్క వాక్యమూ లేదు. అనంతపురంలో బళ్లారి రోడ్డు పక్కన టింకరింగ్ పని చేసుకుని బతికేవాణ్ని నేను. రేకు గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుని రాస్తున్నాను.

మస్టాంగ్ పక్క నుంచి చూడాల్సిన బండి. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చినప్పుడే దాని కొలత ఖాయమైంది: పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ. ఇంజిను బండి పొడవు వెంబడి కూర్చుంటుంది, తిప్పే బలం వెనక చక్రాలకు పోతుంది. అందువల్ల ముందు చక్రాన్ని డోరుకు చాలా ముందుకు జరిపే వీలుంటుంది. ఆ చక్రానికీ డోరుకూ నడుమ ఉన్న జాగాలోనే ఈ బండి ఠీవి అంతా ఉంది. మా వైపు ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీలో తయారై ట్రెయిలర్ల మీద హైవే వెంబడి పోయే సెల్టోస్ కార్లను చూడండి. అందులో ఇంజిను అడ్డంగా ఉంటుంది, లాగేది ముందు చక్రాలు, కాబట్టి చక్రం డోరుకు దగ్గరగా వచ్చేస్తుంది. సంసారానికి అది మంచి ఏర్పాటే, లోపల జాగా మిగులుతుంది. మస్టాంగ్ లెక్క వేరు.

నేను పని నేర్చుకునే రోజుల్లో మా ఉస్తాద్ దగ్గరికి కాంటెస్సాలు వచ్చేవి. ఇంగ్లండు వాక్స్‌హాల్ బండి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ తీసిన కారు అది. దాని బానెట్ మీద డెంట్ తీశాక ఉస్తాద్ ట్యూబ్‌లైటు పట్టుకుని రేకు వెంబడి నడిచేవాడు. లైటు గీత ముందు నుంచి వెనక దాకా ఎక్కడా వణక్కుండా పారాలి. వణికిందా, మళ్ళీ డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ), సుత్తి చేతికివ్వాల్సిందే. పుట్టీతో కప్పేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. ఈరోజుకీ ఏ కారును చూసినా నా కన్ను ఆ గీతనే వెతుకుతుంది.

2022 సెప్టెంబరులో డెట్రాయిట్‌లో చూపించి, 2024 మోడల్‌గా అమ్మకానికి పెట్టిన ఈ ఏడో తరం బండిని నేను ఫొటోల్లో, వీడియోల్లోనే చూశాను. దాని ముందు తరాన్ని మాత్రం హైవే మీద ఒక పెట్రోలు బంకులో కళ్ళారా చూశాను. కుడి స్టీరింగుతో ఫ్యాక్టరీలోనే తయారై 2016లో మన దేశానికి వచ్చిన తరం అది. దానికి వంపులు ఎక్కువ. కొత్తదానికి అంచులు ఎక్కువ. వెనక చక్రం మీద రేకు మాత్రం శానా బాగా కుదిరింది. బండలాగుడు పోటీలో కాడి కింద కాలు బిగబట్టిన ఎద్దు తొడలా నిండుగా ఉంది. డోరు మీదుగా వచ్చిన లైటు అక్కడికి రాగానే పైకి లేస్తుంది. వెనక ప్యానెల్‌ను లోపలికి మడిచినట్టు చేసి, మూడేసి దీపాలను ఆ మడత వెంబడే విరిచారు. యాక్సిడెంటైతే దాన్ని సరిచేసేవాడికి చుక్కలు కనిపిస్తాయి. అయినా నాకు నచ్చింది.

ముఖం దగ్గరే నా అభ్యంతరం. మీరు ఫొటో వేసిన జీటీ అనే పెద్ద ఇంజిను మోడల్‌కు పెద్ద గ్రిల్లు, అదనంగా గాలి రంధ్రాలు, బానెట్ మీద వెంట్లు ఉన్నాయి. అయిదు లీటర్ల వీ8కి, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజినుకు, గాలి కావాలి, కాదనను. కానీ కన్ను ఒకచోట నిలవనివ్వనన్ని కోతలు పెట్టారు. నాలుగు సిలిండర్ల ఎకోబూస్ట్ మోడల్ ముఖం ఇంతకన్నా శుభ్రంగా ఉంది, పాత మస్టాంగ్ పోలిక కూడా అందులోనే బాగా కనిపిస్తుంది. తక్కువ ధర బండికి మంచి ముఖం దక్కింది. వీ8 వాళ్ళకు కోపం వచ్చినా నా మాట ఇదే.

లోపల ఇంకా బాధ. 2005లోనూ 2015లోనూ డ్యాష్‌బోర్డుకు అటొక వంపు, ఇటొక వంపు ఉండేవి. కూర్చోగానే ఇది ఏ బండో తెలిసిపోయేది. ఇప్పుడు ఆ వంపులు తీసేసి 12.4 అంగుళాల తెర ఒకటి, 13.2 అంగుళాల తెర ఇంకొకటి పక్కపక్కన నిలబెట్టారు. 1980ల నాటి మీటర్ల బొమ్మను తెర మీదకు తెచ్చుకోవచ్చట. బొమ్మ కావాలని ఎవరు అడిగారు? ఆ వంపును ఉంచి, తెరలను దాని కిందే అమర్చి ఉండాల్సింది.

ఇంత పట్టింపు ఎందుకంటారేమో. దీనికి పోటీగా ఉన్న షెవర్లే కమారో, డాడ్జ్ ఛాలెంజర్ కార్లు రెండూ 2023 చివరికి ఆగిపోయాయి. డాడ్జ్ తన కొత్త ఛార్జర్ కారును ముందు కరెంటు బండిగానే తెచ్చింది. రెండు డోర్లు, వీ8, చేత్తో వేసే గేర్లు, ఈ మూడూ కలిపి ఇంకా తయారవుతున్న అమెరికా పోనీ కారు (మస్టాంగ్ బాటలో వచ్చిన పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ బళ్ళను అలా అంటారు) ఇదొక్కటే. దీని రూపంలో ఏది నిలిచింది, ఏది పోయింది అన్నది రాయాల్సిన సంగతి.

కాబట్టి నా మనవి ఒకటే. 1964 బండినీ 2024 బండినీ పక్క నుంచి తీసిన ఫొటోలు ఒకే కొలతలో, ఒకదాని కింద ఒకటి వేయండి. కాస్త పెద్దగా వేయండి. మా కుర్రాళ్ళు స్కేలు పెట్టి చక్రానికీ డోరుకూ నడుమ జాగా కొలుచుకుంటారు.

ఇట్లు,
ఒక టింకరింగ్ పనివాడు,
అనంతపురం