వార్షిక నివేదిక 2024–25: సైగల భాష ఇంటర్‌ప్రెటర్ల తర్ఫీదు

మన బధిరుల సంఘం గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఆటల పోటీలు, పింఛను దరఖాస్తుల సాయం, సంక్రాంతి సంబరాలు ఏటా జరిగినట్టే జరిగాయి. ఫొటోలు ఆఫీసు గోడ మీద ఉన్నాయి, చూడగలరు. ఈ ఏడాది కార్యవర్గం సమయం ఎక్కువగా ఇంటర్‌ప్రెటర్ల (మాటలను సైగల్లోకి, సైగలను మాటల్లోకి మార్చి చెప్పేవారి) తర్ఫీదుకే పోయింది కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ముందుగా కృతజ్ఞతలు. వారం వారం హాలు ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, రానుపోను చార్జీలకు సరిపోని గౌరవ వేతనంతో పాఠాలు చెప్పిన మన బధిర ఉపాధ్యాయులకు, జడ్జి, వకీలు, డాక్టరు పాత్రలు వేసిన మిత్రులకు, మైకు, లైట్లు ఉచితంగా సర్దిన కుర్రాళ్లకు, మధ్యాహ్న భోజనాలు పంపిన మహిళా విభాగానికి సంఘం రుణపడి ఉంది.

ఒక విషయం మొదటే స్పష్టం చేయాలి. మనం నడిపేది పునాది తరగతి మాత్రమే. మన సంఘం ఇచ్చే కాగితం చూపించి ఎవరూ ఇంటర్‌ప్రెటర్‌నని చెప్పుకోవద్దు. ఈ ఏడాది ఒకరిద్దరు అలా చెప్పుకున్నట్టు తెలిసింది, అందుకే రాయాల్సి వస్తోంది. అసలు అర్హత భారతీయ పునరావాస మండలి గుర్తించిన సైగల భాష ఇంటర్‌ప్రెటింగ్ డిప్లొమా, అంటే అందరూ డిస్లీ అనే కోర్సు. ఇంటర్ పాసైనవారు చేరవచ్చు, రెండేళ్లు చదవాలి. పాసయ్యాక మండలిలో పేరు నమోదు చేయించుకుని సీఆర్ఆర్ నంబరు, అంటే కేంద్ర పునరావాస రిజిస్టర్ నంబరు తీసుకోవాలి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రంలో ఈ కోర్సు ఉంది. మనకు దగ్గరలో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి, మాట లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ప్రవేశాల గురించి ముందు అక్కడ విచారించండి. సైగల భాష నేర్పే ఉపాధ్యాయుల డిప్లొమా వేరు, అది బధిరుల కోసం పెట్టినది. రెండింటినీ కలిపి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మరి మన తరగతి దేనికంటే, ఆ రెండేళ్ల కోర్సుకు చెయ్యి, కన్ను సిద్ధం కావడానికి. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు. గుమ్మం దాటాక గొంతు వాడకూడదు, ఫోనులో కూడా. ఈ నియమం కఠినమని గొణిగినవారే మూడో నెలకు బాగా ముందుకు వెళ్లారు. నోటితో మాట్లాడుతూ చేతులు ఆడించడం అలవాటైతే తెలుగు వాక్యం మీదే సైగలు అతుక్కుంటాయి, తర్వాత విడదీయడం చాలా కష్టం.

కొత్తవారు పడే మొదటి గుంట ఇదే. తెలుగులోనూ క్రియ చివర వస్తుంది, సైగల భాషలోనూ సాధారణంగా అంతే. దాంతో మాటకు మాట సైగ పెడితే చాలనుకుంటారు. ‘రేపు ఎక్కడికి వెళ్తున్నారు?’ అన్నప్పుడు కాలం ముందుకు, ప్రశ్న చివరికి పోతాయి: రేపు, మీరు, వెళ్లడం, ఆ తర్వాత చోటు, ప్రశ్న. ‘మందు వేసుకున్నారా?’ అనేది ప్రశ్న అని చెప్పేది చేతులు కాదు, పైకి లేచిన కనుబొమలు, కాస్త ముందుకు వంగిన తల. ముఖం బిగించుకుని చేతులు మాత్రమే ఆడిస్తే అది ‘మందు వేసుకున్నారు’ అయిపోతుంది. అందుకే నాలుగు వారాల పాటు చేతులు కట్టుకుని ముఖంతోనే అవును, కాదు, ఇంకా, చాలా, కొంచెం చెప్పించాం. సిగ్గుపడి మానేసినవారూ ఉన్నారు.

రెండో గుంట యూట్యూబ్. అక్కడ ముందు కనిపించేవి అమెరికా వీడియోలు. అక్షరాలు వాళ్లు ఒంటి చేత్తో చూపిస్తారు, మనకు రెండు చేతులు కావాలి. చేరేనాటికే ఒంటి చేతి అక్షరాలు కంఠతా పట్టి వచ్చినవారికి అవి మరిపించడానికే నెల పట్టింది. ఢిల్లీ కేంద్రం వారి నిఘంటువు 2018లో 3,000 పదాలతో మొదలై 2021 నాటికి 10,000 పదాలకు చేరింది. ఇంట్లో సాధనకు అదే వాడమని చెప్పాం. అయితే నిఘంటువు పదాలు ఇస్తుంది, వాక్యం ఇవ్వదు. వారాలకు, రంగులకు మన పెద్దవాళ్లు వాడే సైగలు నిఘంటువులో ఉన్నట్టే ఉండాలనీ లేదు. పెద్దాయన సైగను ‘తప్పు’ అని దిద్దబోయిన విద్యార్థిని మందలించాల్సి వచ్చింది.

ఇంటర్‌ప్రెటింగ్ సాధన గురించి. సైగ చేయడం కన్నా సైగ చదవడం కష్టం, చదివినదాన్ని తడబడకుండా మంచి తెలుగులో పలకడం ఇంకా కష్టం. చేతుల వైపు చూసేవారికి ముఖం తప్పిపోతుంది. చూపు ముఖం మీదే ఉంచాలి, చేతులు కంటి అంచున అవే కనిపిస్తాయి. చెవికి సాధన వేరు: రేడియో వార్తలు పెట్టి, రెండు మూడు సెకన్ల వెనకగా అవే మాటలు పలకాలి. అది కుదిరాక, పలుకుతూనే కాగితం మీద వంద నుంచి కిందికి అంకెలు రాయాలి. తర్వాతే చేతులు. మాట్లాడేవారిని మరీ దగ్గరగా వెంబడిస్తే తెలుగు వాక్యానికి బందీ అవుతారు, తెలుగులో లేదు, కాదు, వద్దు అనేవి చివరగానే వస్తాయి కదా. మరీ వెనకబడితే అంకెలు, పేర్లు రాలిపోతాయి. అంకె, పేరు, తేదీ వినగానే సైగ చేసేయాలి, మిగతాది అర్థమయ్యాక చెప్పాలి.

ఇద్దరిద్దరుగా పనిచేయడం నేర్పాం. ఇరవై నిమిషాలకోసారి మారాలి. మారి కూర్చున్నవారు సెల్‌ఫోన్ చూసుకోవడానికి కాదు, పక్కవారికి తప్పిన అంకె అందించడానికి. ఒక్కరే గంటసేపు నిలబడితే చేతులు ఆడుతూనే ఉంటాయి, అర్థం మాత్రం పలచబడుతుంది. ఆ సంగతి చేసేవారికే తెలియదు.

ఈ ఏడాది మనందరం గర్వపడే రోజు సెప్టెంబర్ 22. అంతర్జాతీయ సైగల భాషల దినం 23న సోమవారం పడింది కాబట్టి ముందురోజు ఆదివారమే జరిపాం. ఊరేగింపు, ఉపన్యాసాలు, శాలువాలు ఈసారి వద్దనుకుని హాలు ఒక పక్క కోర్టు, ఒక పక్క ఆస్పత్రి ఓపీ పెట్టాం. కక్షిదారులు, రోగులు అందరూ మన బధిర సభ్యులే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్ ప్రకారం, మాట్లాడలేని సాక్షి వాంగ్మూలానికి కోర్టు ఇంటర్‌ప్రెటర్ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం తీసుకోవాలి, దాన్ని వీడియో తీయాలి. కాబట్టి కెమెరా కూడా పెట్టాం. మొదటి విడతలో కెమెరా సాక్షి మీదే ఉండిపోయింది. అడిగిన ప్రశ్న సైగల్లో ఎలా వెళ్లిందో రికార్డులో లేకపోతే ఆ వీడియో సగమే. రెండో విడతలో సాక్షి, ఇంటర్‌ప్రెటర్ ఇద్దరూ ఫ్రేములో నడుము నుంచి పైకి కనిపించేలా జరిపాం.

ఆ రోజు అందరికీ గుర్తుండిపోయింది మాత్రం ఒక తల ఊపు. వకీలు గారు ‘ఆ రోజు మీరు అక్కడ లేరు కదా?’ అన్నారు. సాక్షి తల ఊపింది. మన విద్యార్థి ‘అవును’ అనేశాడు. వెంటనే ముందు వరుసలో బధిర సభ్యుల చేతులు లేచాయి. ఆ ఊపు జవాబు కాదు, ‘చూస్తున్నాను, కానివ్వండి’ అని. పైగా ప్రశ్నే వ్యతిరేకంలో ఉంది. అలాంటప్పుడు ఊహించి చెప్పకుండా ‘స్పష్టత కోసం మళ్లీ అడగడానికి అనుమతించండి’ అని జడ్జిని కోరాలి. నిజం కోర్టులో ఆ ఒక్క ‘అవును’తో కేసు తలకిందులయ్యేది.

ఓపీలో తప్పులు వేరే రకం. డాక్టరు ‘ఆమెను ఎప్పటి నుంచి నొప్పో అడగండి’ అంటారు. ఇంటర్‌ప్రెటర్ రోగితో ‘మీకు ఎప్పటి నుంచి’ అనే అనాలి, జవాబు చెప్పేటప్పుడు ‘ఆమెకు నొప్పట’ అనకూడదు, ‘నాకు నొప్పి’ అనే పలకాలి. వెంట వచ్చిన వదినగారు మధ్యలో దూరి తానే జవాబిస్తే ఆ మాటలు కూడా రోగికి చేరవేయాలి, మింగేయకూడదు. బడికి వెళ్లని, ఇంటి సైగలు మాత్రమే తెలిసిన రోగి పాత్ర దగ్గర అందరూ ఆగిపోయారు. అక్కడ బధిర ఇంటర్‌ప్రెటర్‌ను మధ్యలో కూర్చోబెట్టి రెండంచెలుగా, మన సైగలు వారికి, వారి నుంచి ఇంటి సైగల్లో రోగికి చేరేలా నడిపించాం. సమయం రెట్టింపు అయింది, పని మాత్రం అయింది.

బట్టల గురించి ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది. ఒంటి రంగుకు తేడాగా కనిపించే సాదా రంగు చొక్కా లేదా కుర్తా వేసుకోవాలి. గళ్లు, పువ్వులు, గలగలలాడే గాజులు, మెడలో ఊగే ఐడీ కార్డు వద్దు. మీసం పెదవి మీద పడకూడదు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే బధిరులకు కనిపించేది నల్లటి ఆకారం ఒక్కటే.

ఇక చెప్పక తప్పనివి. పేర్లు ఇచ్చిన వలంటీర్లలో సగానికి పైగా ప్రారంభం రోజు ఫొటో దిగాక మళ్లీ కనిపించలేదు. కుర్చీలు వేసింది కూడా ఉపాధ్యాయులే. ఆదివారం పెళ్లిళ్లు అందరికీ ఉంటాయి, ఒక్క మెసేజ్ పెడితే సరిపోయేది. ఒక ప్రభుత్వ కార్యాలయం వారు సభకు ముందురోజు రాత్రి ఫోన్ చేసి ఇంటర్‌ప్రెటర్‌ను పంపమన్నారు. ప్రసంగం కాపీ ఇవ్వలేదు, వేదిక చివర పూలకుండీ వెనక నిలబెట్టారు, వీడియో వేసినప్పుడు లైట్లన్నీ ఆర్పేశారు. దారి ఖర్చులు ఇంతవరకు రాలేదు. ఇంటర్‌ప్రెటర్ల జాబితా, ఫీజు నిర్ణయించమని పెట్టిన అర్జీకి రసీదు తప్ప జవాబు లేదు. ఇకపై మూడు రోజుల ముందు లిఖితపూర్వకంగా అడగనిదే, ప్రసంగ పాఠం ఇవ్వనిదే ఎవరినీ పంపకూడదని కార్యవర్గం తీర్మానించింది. ‘సేవే కదా’ అనే మాట ఇక చెల్లదు.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో చివరి పేజీలో జతపరిచాం. పెద్ద ఖర్చులు గౌరవ వేతనాలు, కెమెరా అద్దె. కొద్దిగా మిగులు ఉంది. సందేహాలుంటే కోశాధికారిగారు సమావేశంలో చెబుతారు.

కొత్త తరగతి జూన్ రెండో వారంలో మొదలవుతుంది. వరుసగా మూడు తరగతులు రానివారి పేరు తీసేస్తాం, సిఫారసులు తేవద్దు. నెలకు ఒక ఆదివారం బధిర సభ్యుల ఇళ్లలోనో, క్యారమ్ బోర్డు దగ్గరో గడపడం ఇప్పుడు తప్పనిసరి, దాని సంతకాల పుస్తకం బధిర ఉపాధ్యాయుల దగ్గరే ఉంటుంది. ఫారాలు ఆఫీసులో సాయంత్రం అయిదు తర్వాత ఇస్తారు. చందా బాకీ ఉన్నవారు అది కట్టాకే ఫారం తీసుకోగలరు.

ఇట్లు
కార్యదర్శి