ఫైలులో ఒక పేజీ కోసం

గౌరవనీయ జలవనరుల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. గోదావరి మధ్య డెల్టాలో కాలువల మీద ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నిధులు అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. "గతంలో మాదిరిగానే" అన్న మాట చాటున మన కార్యాలయాల్లో యువ ఇంజనీర్ల ఆలోచన ఎలా ఎండిపోతుందో మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను.

ఒక దాళ్వాలో, అంటే రబీ వరి పంట కాలంలో, నీరు వంతుల వారీగా ఇస్తున్న రోజుల్లో, నా కింద కొత్తగా చేరిన సహాయ ఇంజనీరు ఒక నోటు పెట్టారు. రోజూ తెల్లవారుజామున, కాలువనూ తూములనూ కనిపెట్టుకుని ఉండే లస్కరుతో కలిసి పిల్ల కాలువ వెంట నడిచి, తూముల దగ్గర పాతిన వెదురు కర్రల మీద చాకుతో గాట్లు పెట్టి మట్టం కొలిచి, వంతు మొదలైన 2 రోజులూ ఎగువ తూములు మూసి నీటిని ముందు శివారుకు పంపితే చివరి పొలాలు కూడా తడుస్తాయని అందులో లెక్క కట్టి చూపారు. ఆ లెక్క సరైనదో కాదో నేను చూడలేదు. ఆనవాయితీ లేదని ఎర్ర సిరాతో అడ్డగీత గీశాను. మరుసటి ఏడాదికి ఆయన నడక మానేశారు. ఆయన పంపిన పూడికతీత అంచనాలో నిరుటి అక్షరదోషాలు సైతం అలాగే ఉన్నాయి. దానికి మాత్రం ఒక్క ఆక్షేపణ లేకుండా ఆమోదం వచ్చింది.

క్రమశిక్షణ అక్కర్లేదని నేననను. లాకుల దగ్గర ఎవరికి తోచినట్టు వారు తలుపులెత్తితే ఒక్క రాత్రిలో గట్టు తెగుతుంది. అయితే లాకు దగ్గర ఉండవలసిన విధేయతను సమీక్షా సమావేశం దాకా లాక్కొచ్చి, గుంపులో గోవిందా అన్నవాడినే సమర్థుడిగా లెక్కేయడం మొదలుపెట్టాక, కాలువను కళ్లారా చూసినవాడు కూడా నోరు మెదపడు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను కట్టించిన కాటన్, ఇసుక మీద పునాది నిలిపే పద్ధతిని కావేరి మీది ప్రాచీన ఆనకట్ట కల్లణైని కట్టిన దేశీయుల నుంచే నేర్చుకున్నామని ఒప్పుకున్నారు. ఆయన విగ్రహానికి ఏటా దండలు వేసే మనం, లస్కరు చెప్పిన మాటను ఫైలులోకి ఎక్కనివ్వం.

అందుకే నా మనవి. నీటి విడుదల ప్రణాళికకూ పూడికతీత అంచనాకూ ఒక పేజీ జతచేసి, లస్కర్లతో సహా క్షేత్ర సిబ్బంది తమ భిన్నాభిప్రాయాన్ని అందులో నమోదు చేసే వీలు కల్పించండి. కాదన్న అధికారి, ఎందుకు కాదన్నారో 2 వాక్యాల్లోనైనా రాసి సంతకం చేయాలి. ఆ పేజీలో రాసినందుకు ఎవరి పదోన్నతీ ఆగకూడదు. ముందు ఒక్క పిల్ల కాలువ మీద, ఒక్క దాళ్వాకు అమలుచేసి చూడవచ్చు.

ఆ నోటు నకలు, నా అడ్డగీతతో సహా, ఇప్పటికీ నా దగ్గర ఉంది. తమ కార్యాలయం కోరితే పంపగలను.

ఇట్లు,
భవదీయుడు,
కోనసీమ నుంచి ఒక విశ్రాంత ఇంజనీరు