పుట్టగొడుగుల విభాగం – 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సియాటిల్ మన తెలుగు సంఘంలో ఈ విభాగం ఎందుకు పెట్టుకున్నామో మళ్ళీ చెప్పనక్కర్లేదు. నడకల వివరాలన్నీ మినిట్స్‌లో ఉన్నాయి. ఈ ఏడు గర్వంగా చెప్పుకోవలసింది కార్తీక వనభోజనాలు. ఇక్కడి వానలకు పుట్టగొడుగులు లేచేదీ, మనకు కార్తీకం వచ్చేదీ ఇంచుమించు ఒకేసారి కదా! సేకరణ అనుమతికి దరఖాస్తు పెడితే, సంబంధిత కార్యాలయం సీజను ముగిశాక జవాబిచ్చింది. కాస్కేడ్ కొండల పడమటి వాలులో తమ సొంత స్థలం ఇచ్చి ఆదుకున్న సభ్య దంపతులకు, పులిహోర, దద్ధ్యోజనం చేసి తెచ్చిన అక్కయ్యలకు, కార్లు నడిపిన తమ్ముళ్ళకు, అధ్యక్షులవారికి పేరుపేరునా కృతజ్ఞతలు. ఉసిరి చెట్టు లేదు కాబట్టి డగ్లస్ ఫర్ అనే ఇక్కడి సూదాకుల చెట్టు కిందే విస్తళ్ళు వేశాం.

ఆ చెట్టు కిందే మన పిల్లలు అసలైన పని చేశారు. నాచులో సగం పూడిపోయిన ఫర్ కాయల మీద వేలిగోరంత తెల్ల గొడుగులు కనిపెట్టారు. వాటి పేరు స్ట్రోబిల్యూరస్ ట్రుల్లిసేటస్. కాడ పైన తెలుపు, కిందికి వచ్చేసరికి గోధుమరంగు. కాయతో సహా తవ్వి తీస్తేగాని అది దేనిమీద పుట్టిందో తెలియదు. పుచ్చిన దుంగ మీద మైసీనా హీమటోపస్ అనే ఇంకో చిన్న పుట్టగొడుగు కూడా దొరికింది. కాడ తుంచగానే ఎర్రటి రసం కారేసరికి పిల్లల కేకలు! "వండుకోవచ్చా?" అని అడిగిన పెద్దలకు మళ్ళీ ఒకసారి: వద్దు. గలెరీనా మార్జినేటా అనే విషపు పుట్టగొడుగు కూడా ఇలాగే చిన్నగా, అమాయకంగా ఉంటుంది, ప్రాణం తీస్తుంది.

వండుకు తినే షాంటరెల్ పుట్టగొడుగులు ఏరేవాళ్ళు కోకొల్లలు. ఈ చిట్టివాటిని పట్టించుకునేది మ్యూజియంలే. సియాటిల్‌లోని బర్క్ మ్యూజియం హెర్బేరియంలో (ఎండబెట్టిన నమూనాల భాండాగారంలో) ఉన్న పుట్టగొడుగుల సేకరణకు వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఇనోసైబీ అనే పుట్టగొడుగుల జాతి మీద జీవితమంతా పనిచేసిన డేనియల్ స్టంట్జ్ (1909–1983) గట్టి పునాది వేశారు. ఎండిన నమూనా ముడుచుకుపోతుంది, రంగు, వాసన పోతాయి. దశాబ్దాల తర్వాత చిన్న ముక్క తీసి డీఎన్‌ఏ చదవవచ్చు గానీ, ఏ చెట్టు కింద, ఏ రోజు, ఏ వాసనతో దొరికిందో నమూనా దాచిన కవరు మీది చీటీలో రాసి ఉంటేనే తెలుస్తుంది.

బాధంతా ఇక్కడే. ఏరడానికి అందరూ వచ్చారు. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవాళ్ళలో చాలామంది చీటీలు రాసే వేళకు మాయం. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నది ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, కోశాధికారిగారి అత్తగారు. ఆవిడ దస్తూరీ ముత్యాలకోవ. చీటీ లేని కవర్లన్నీ పారేయాల్సి వచ్చింది.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక నోటీసుతో పంపాం, ఆమోదించగలరు.

వచ్చే సీజనుకు ఏరేవారి పేర్లు వద్దు, రాసేవారి పేర్లు ఇవ్వండి. నమూనాలు ఆరబెట్టే సంఘం డ్రయ్యర్‌ను వడియాల కోసం తీసుకెళ్ళినవారు దయచేసి సెప్టెంబరులోగా తిరిగి ఇవ్వగలరు.

– కార్యదర్శి